ముందే చెప్పేసిన సాక్ష్యం

నేను అబద్ధం చెప్పింది ఒక శనివారం సాయంత్రం, బేగంపేటలో ఒక హోటల్ హాల్లో, చేత్తో మైకు పట్టుకుని, దేవుని నామంలో. అక్కడున్న అరవై మందీ చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు కళ్లు కూడా తుడుచుకున్నారు. వాళ్లు నిజంగానే ఏడ్చారా, ఏసీ గాలికి కళ్లు మండాయా అని నాకు స్టేజి మీదే అనుమానం వచ్చింది. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆ సంగతి దాచిపెట్టి ఇది చెప్పడం కుదరదు.

కార్ఖానా ఏరియాలో ఒక బిల్డింగు మొదటి అంతస్తులో నాకు స్కూలు యూనిఫాంలు కుట్టే యూనిట్ ఉంది. పన్నెండు మిషన్లు, ఒక పెద్ద కటింగ్ బల్ల, ఇస్త్రీ బల్ల, బట్ట థాన్లు పెట్టే గది. పంతొమ్మిదేళ్ల కిందట మా ఇంటి వరండాలో ఒకే ఒక్క మిషనుతో మొదలుపెట్టాను. మా ఆయన మల్కాజ్‌గిరిలో ఒక కాలేజీలో లెక్చరర్. నా పని గురించి ఆయనకు తెలిసింది తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. యూనిట్‌కి మూడు తాళాలు: కింద షట్టరుకు ఒకటి, పైన తలుపుకు ఒకటి, బట్ట గదికి ఒకటి. మూడూ ఒకే గుత్తిలో నా బ్యాగులో ఉండేవి. ఈ బిల్డింగుకు మారినప్పటి నుంచి ఆ షట్టరు ఇంకొకరు తీయలేదు, ఇంకొకరు వేయలేదు. జ్వరంతో కూడా వెళ్లాను. మా నాన్న పోయినప్పుడు, భూస్థాపనకు ఒంగోలు వెళ్తూ యూనిట్ మొత్తానికి సెలవిచ్చాను గానీ తాళాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

రోజూ తొమ్మిదిన్నరకు మిషన్లు మొదలవకముందు పది నిమిషాలు ప్రార్థన ఉంటుంది. అందరూ కటింగ్ బల్ల చుట్టూ నిలబడతారు. కుట్టేవాళ్లలో సగం మంది మా విశ్వాసులు, సగం మంది కాదు. బలవంతం ఏమీ లేదని నేను అంటుంటాను. ఎవరు నిలబడలేదో నేను చూసుకుంటానని వాళ్లకూ తెలుసు. ఎందుకంటే నేను ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ప్రార్థన చేస్తాను.

ఆ ప్రార్థన ఎలా ఉండేదో చెబితే మా వాళ్లు నవ్వుతారు, తెలియనివాళ్లు నొచ్చుకుంటారు. "ప్రభువా, కాజాలు సరిగ్గా కుట్టే మనసు మా వాళ్లకు దయచేయి. భోజనానికి వెళ్లి గంటకు తిరిగొచ్చేవాళ్లను నువ్వే మార్చు. మూడో మిషను దగ్గర ఫోను చూసే అలవాటును తీసివేయి తండ్రీ." ఇలా సాగేది. మూడో మిషను అమ్మాయి మా సంఘం పిల్లే, అయినా ఆమేన్ అనేది కాదు. ముఖం మీద తిడితే మనుషులు పని మానేసి వెళ్లిపోతారు. ప్రార్థనలో కలిపితే ఎవరూ ఎదురు చెప్పలేరు. మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య ఇది. మా లెక్కల మార్కులు ఇంటికొచ్చిన చుట్టాలకు తెలిసింది కుటుంబ ప్రార్థనలోనే.

బల్లకు అవతలి చివర మా సూపర్‌వైజర్ నిలబడేది. కార్ఖానా వెనక బస్తీలో పుట్టి పెరిగిన మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. కటింగ్ అంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది, పద్నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంది. హిందువు. పొద్దున్నే పూజ చేసుకుని, ఇంత బొట్టు పెట్టుకుని వచ్చి, మా ప్రార్థనలో చేతులు జోడించి నిలబడుతుంది. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, అనమని నేనూ అడగలేదు. కానీ రెండు కళ్లూ తెరిచే ఉంచుతుంది. కాబట్టి పద్నాలుగేళ్లుగా ప్రార్థనలో మేమిద్దరం ఒకరినొకరు చూసుకుంటూనే ఉన్నాం.

ఆ ఏడు స్కూళ్లు తెరిచే సీజన్లో నాకు ఏదో అయింది. యూనిట్‌కి ఇరవై రెండు మెట్లు. ఒకరోజు పదకొండో మెట్టు మీద ఆగిపోయాను. కాళ్ల నొప్పి లేదు, ఆయాసం లేదు. పైకి వెళ్లాలనిపించలేదు, కిందకు దిగాలనీ అనిపించలేదు, అంతే. ఇంకోరోజు కుట్టిన చొక్కా ఒకటి చేతిలో పట్టుకుని, అది ఏ స్కూలుదో గుర్తు రాక, బట్ట గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. డాక్టరు బీపీ చూసి, ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు పడిపోతారు, రెస్టు తీసుకోండి అన్నాడు. ఆయన రాసిన పరీక్షలన్నీ కింది అంతస్తులోని ల్యాబులోనే ఎందుకు చేయించమన్నాడో అని ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. రెస్టు సంగతి ఆలోచించలేదు.

అలసట పెరిగినకొద్దీ అనుమానమూ పెరిగింది. అన్నిటికంటే ఎక్కువ సూపర్‌వైజర్ మీద. ఆమెకు ఫోన్లు రావడం మొదలైంది. మోగగానే మెట్ల మీదికి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడేది. నేను కనిపిస్తే "మల్ల చేస్త" అని పెట్టేసేది. బట్ట గది తాళం కోసం రోజుకు ఆరుసార్లు నా దగ్గరకు వచ్చేది. లోపల అంత పని ఏముంది అనుకునేదాన్ని. పని ఉన్నది నిజమే, ఆ గది తాళం నా బ్యాగులో ఉన్నదీ నిజమే, కానీ ఆ రెండింటినీ కలిపి చూసుకునే ఓపిక నాకు లేదు. కత్తిరించగా మిగిలిన ముక్కల సంచిని రోజూ తూకం వేయడం మొదలుపెట్టాను. రోజూ దాదాపు ఒకే తూకం వచ్చేది. ఎక్కువ తక్కువలు లేకుండా అంత సరిగ్గా ఎలా వస్తుందని మళ్లీ అదొక అనుమానం.

చివరికి మా అయ్యగారి దగ్గరకు వెళ్లాను. మా సంఘ కాపరి పెద్దాయన, నిదానస్తుడు. అంతా విని, "ఎన్నాళ్ల నుంచి దేవుణ్ణి అడగడం మానేశారమ్మా?" అన్నారు.

"రోజూ అడుగుతూనే ఉన్నానండీ."

"రోజూ ఆయనకు పని చెబుతున్నారు. మూడు రోజులు ఏమీ కోరకుండా ఊరికే కూర్చోండి. ఆయన ఏం చేయమంటే అది చేయండి."

ఈయనకు మా ఆయన ముందే ఫోన్ చేశాడేమో అనుకున్నాను. అయినా కూర్చున్నాను. పొద్దున టీ కప్పు పట్టుకుని, వంటగదిలో, స్టూలు మీద. మొదటి రోజు ఆర్డర్లు గుర్తొచ్చాయి. రెండో రోజు కునుకు పట్టింది. మూడో రోజు, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి ఉన్నట్టుండి గుర్తొచ్చినట్టు, ఒక మాట తట్టింది. తాళాలు ఆమెకివ్వు. గురువారాలు ఇంట్లో ఉండు.

నాకు అస్సలు నచ్చలేదు. పంతొమ్మిదేళ్లుగా దేవుడు నాకు చెప్పినవన్నీ నాకు నచ్చినవే. రెండో మిషను కొనమన్నాడు, కొన్నాను. పెద్ద బిల్డింగుకు మారమన్నాడు, మారాను. ఫలానా టైలరును పంపించేయమన్నాడు, ఆ మధ్యాహ్నమే పంపించేశాను. నచ్చని మాట చెప్పడం ఇదే మొదటిసారి. అందుకే ఇది ఆయన గొంతు కాదేమో, నా అలసటేమో, సాతాను పనేమో అని ఆలోచించాను. పాత మాటలన్నీ ఆయనవేనా అని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఇన్ని అనుమానాలున్న దాన్ని, అక్కడొక్కచోట ఎందుకు ఊరుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మా ఆయనతో చెప్పాను.

"తాళాలు ఇచ్చేయమని దేవుడు చెప్పాడా? పదేళ్ల నుంచి నేను చెబుతున్నది అదే కదే!"

"అందుకేనండీ నమ్మకం కుదరట్లేదు."

అలా నాన్చుతుండగా అయ్యగారు ఫోన్ చేశారు. క్రైస్తవ వ్యాపారస్తుల కూడిక ఒకటి నెలకోసారి బేగంపేటలో జరుగుతుంది. ఈసారి అంశం, అలసిపోయిన నాయకులకు దేవుని నడిపింపు. "మీకు జవాబు దొరికిందన్నారు కదమ్మా, సాక్ష్యం చెప్పండి" అన్నారు. ఇంకా పది రోజులుంది. ఈలోపు తాళాలు ఇచ్చేస్తానులే అని ఒప్పుకున్నాను.

మా వాళ్లలో ఒక అలవాటుంది. జ్వరం తగ్గకముందే తగ్గిందని, ఉద్యోగం రాకముందే వచ్చిందని విశ్వాసంతో సాక్ష్యం చెప్పేస్తారు, స్తోత్రం కూడా చెల్లించేస్తారు. ముందు నోటితో ఒప్పుకుంటే తర్వాత జరుగుతుందని నమ్మకం. జరిగినవాళ్లను నేను చూశాను, జరగనివాళ్లను కూడా చూశాను. సోమవారం ఇద్దామనుకుంటే సోమవారం ఒక ఆర్డరు అడ్డొచ్చింది. బుధవారం ఆమె ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్లింది, దాంతో నా మనసు విరిగింది. చూస్తుండగానే శనివారం వచ్చేసింది. తాళాల గుత్తి బ్యాగులోనే ఉంది. బ్యాగును కుర్చీ కిందకు తోసి, స్టేజి ఎక్కాను.

"మూడు తాళాలూ మా సూపర్‌వైజర్ చేతిలో పెట్టేశాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు గురువారాలు యూనిట్ వైపు కూడా వెళ్లను. హాయిగా నిద్రపోతున్నాను. దేవునికే మహిమ."

కళ్లనీళ్లు అప్పటికప్పుడు కలిపాను. మొదటి రెండు మాటలయ్యాక అబద్ధం దానంతటదే నడిచింది. హాలంతా హల్లెలూయ అంది. అయ్యగారు మాత్రం తల వంచుకుని తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఈయనకు తెలిసిపోయిందా అనుకున్నాను.

ఆదివారం పొద్దున నేను చీర కట్టుకునేలోపే ఎవరో ఆ వీడియోను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. గ్రూపులో మూడో మిషను అమ్మాయి ఉంది. ఇక తెలియాల్సిన వాళ్లకు తెలియడానికి ఎంతసేపు?

సోమవారం నేను షట్టరు తీస్తుంటే సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉంది. "నమస్తే మేడం" అంది ఎప్పటిలాగే. నా చేతిలోని గుత్తి వైపు ఒకసారి చూసింది, అంతే. ఆ రోజు బట్ట గది తాళం అడగలేదు. నేను గమనించి వెళ్లి తీసేదాకా గది ముందు నిలబడి ఉండేది. మంగళవారమూ అంతే. తిట్టినా బాగుండేది, వెక్కిరించినా బాగుండేది. పైగా ఆ ఫోన్లు కూడా ఆగిపోయాయి. గుసగుసలు ఆగాయంటే బేరం కుదిరిందన్నమాట, ఇక నా దగ్గర నాలుగు రోజులుండి చక్కా పోతుంది, పోతూ పోతూ కుట్టేవాళ్లను కూడా తీసుకుపోతుంది అని లెక్కలు వేసుకున్నాను. అంతకంటే ముందు నేనే పంపించేయాలి. బుధవారం సాయంత్రం పిలిచి మానేయమని చెప్పాలని నిర్ణయించుకున్నాను. దేవుడే ఆ తెలివి ఇచ్చాడని కూడా అనుకున్నాను. నాకు నచ్చిన మాట కదా మరి.

బుధవారం పొద్దున అందరం బల్ల చుట్టూ నిలబడ్డాం. నేను ఒక కన్ను మూసి, గొంతు సవరించుకున్నాను.

"మేడం, ఇయ్యాల నేను చేస్తా" అంది సూపర్‌వైజర్.

నేను ఏదో అనేలోపే బల్ల అవతల నుంచి, చేతులు జోడించి, కళ్లు తెరిచి, నా వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"యేసయ్యా, మీ పద్ధతి నాకు సక్కగ రాదు, తప్పైతే మాఫ్ చెయ్యి. మా మేడం తాళాలు నాకిచ్చిన అని బేగంపేటల అందరి ముంగట చెప్పిందంట. నేను ఏడ్చిన అని సుత చెప్పిందంట. నాకైతే ఇంక అందలే. దారిల ఏడన్న ఆగినయేమో జెర చూడు. అందినంక ఏడుస్తా, మేడం మాట పోనియ్య. ఆమేన్."

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఇస్త్రీ చేసే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది మూడో మిషను అమ్మాయి. అన్నేళ్లలో ఆ పిల్ల నోట ఆ మాట వినడం అదే మొదలు.

ఒళ్లు మండిపోయింది. ఆమెను బట్ట గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"అందరి ముందూ నా పరువు తీద్దామనా?"

"పరువు దీసుడు ఏందీ మేడం? మాకు చెప్పాల్సింది మీరు రోజు యేసయ్యకు చెప్తరు గదా. నేను సుత గట్లనే చెప్పిన. సీదా మీకు చెప్తే వినరు."

"సరే, ఆ ఫోన్లు ఎవరివి? రెండు నెలలుగా మెట్ల మీద ఏం మంతనాలు?"

ఆమె దాచలేదు. నేను కనిపెట్టేశానని కంగారు కూడా పడలేదు. "మల్కాజ్‌గిరిల ఒకాయన కొత్త యూనిట్ పెడ్తున్నడు. తాళాలతోని సహా మొత్తం నన్నే చూసుకోమన్నడు. రెండు నెలల సంది పిలుస్తున్నడు. ఇక్కడ ఇన్నేండ్లు చేసిన, ఏం చెప్పాల్నో తెల్వక మస్తు పరేషానైన. ఆదివారం పొద్దుగాల మీ వీడియో చూసిన. మేడం నన్ను నమ్మింది, తాళాలు సోమవారం ఇస్తది, ఇంక పోవుడెందుకు అనుకున్న. అప్పుడే ఫోన్ చేసి రానని చెప్పిన."

"ఇప్పుడు మళ్లీ అడిగితే?" అన్నాను.

"సోమవారమే వేరేటామెను పెట్టుకున్నరు."

థాన్ల మధ్య కూలబడ్డాను. అంత మంది చప్పట్లు కొట్టిన నా సాక్ష్యాన్ని పట్టుకుని ఏదైనా ఒక పని చేసింది ఆమె ఒక్కతే. నా అబద్ధాన్ని నమ్మి, వచ్చిన అవకాశాన్ని కాదనుకుంది. ఆ బుధవారం సాయంత్రమే ఆమెను పంపించేయాలని నేను కూర్చుని ఉన్నాను. నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది, ఒక్క పూట ఆమె నోరు విప్పకుండా ఉంటే ఏం జరిగి ఉండేదో అని. నా సొంత నోటితో చెప్పిన మాటలోనే దేవుడు నన్ను ఇరికించాడని కోపం కూడా వచ్చింది. వంటగదిలో నెమ్మదిగా చెబితే వినలేదు కాబట్టి, ప్రార్థనలో అందరి ముందూ పెట్టాడు. ఆ పద్ధతి ఎవరిదో నాకు బాగా తెలుసు.

బ్యాగు తెరిచి గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఏడుస్తానన్నావుగా" అన్నాను.

"జెర టైం పడ్తది మేడం" అంది, గుత్తిని చీర చెంగుకు ముడి వేసుకుంటూ.

ఇక్కడితో నేను మారిపోయానని రాస్తే అది ఇంకో దొంగ సాక్ష్యం అవుతుంది. ఇంట్లో బీరువాలో డూప్లికేట్ గుత్తి ఒకటి ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. గురువారం పొద్దున మా ఆయన కాలేజీకి వెళ్లగానే దాన్ని బ్యాగులో వేసుకుని ఆటో ఎక్కాను. యూనిట్‌కి ఎదురుగా రోడ్డు అవతల ఒక బేకరీ ఉంది. తొమ్మిదింటికల్లా అక్కడ చాయ్ గ్లాసు పట్టుకుని, ఫ్రిజ్ చాటున నిలబడ్డాను.

ఆమె తొమ్మిదింబావుకు వచ్చింది. ఆ షట్టరు ఎడమవైపు పట్టేస్తుంది, ముందు అటువైపు కాస్త ఎత్తి తర్వాత లాగాలి. అది నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఆమె ఎడమవైపు ఎత్తి, ఒక్క ఊపున పైకి లాగింది. పద్నాలుగేళ్లుగా పక్కన నిలబడి చూసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? గడపను తాకి కళ్లకు అద్దుకుని లోపలికి వెళ్లింది. రెండు నిమిషాలకు నా ఫోను మోగింది.

"మేడం, చాయ్ తాగుడైతే ఇంటికి పోయి పండుకోండ్రి. ఇయ్యాల గురువారం."

ఇంటికి పోయి పడుకున్నాను. పదిన్నరకు పడుకున్న దాన్ని, నాలుగింటికి మా ఆయన వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరమా అని అడిగితే లేచాను. ఎన్ని నెలలైందో అలా నిద్రపోయి. మంచం మీద కూర్చుని టీ తాగుతుండగా, అసలు మల్కాజ్‌గిరిలో అలాంటి యూనిట్ ఉందా అని కూడా ఒక అనుమానం వచ్చింది. వెళ్లి కనుక్కుందామా అనుకున్నాను. లేచి వెళ్లలేదు. టీ తాగి మళ్లీ పడుకున్నాను.

సాయంత్రం అయ్యగారికి ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను.

"తెలుసమ్మా. మీరు బ్యాగు కుర్చీ కిందకు తోసినప్పుడు తాళాలు గలగలమన్నాయి. పక్క కుర్చీలో నేనే కదా ఉంది."

"మరి అప్పుడే నన్ను ఎందుకు ఆపలేదండీ?"

"ఆపితే తాళాలు ఇచ్చేవారా?"

వచ్చే నెల కూడికలో అదే స్టేజి మీద జరిగింది జరిగినట్టు చెబుతానని మాటిచ్చాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టరని నాకు తెలుసు.

శుక్రవారం నేను వెళ్లేసరికి షట్టరు తీసే ఉంది. తాళం తీయకుండా నా యూనిట్‌లోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఎవరింటికో వచ్చినట్టు కాస్త బెరుగ్గా అనిపించింది. ఇరవై రెండు మెట్లూ ఆగకుండా ఎక్కాను. అందరూ బల్ల చుట్టూ నా కోసం నిలబడి ఉన్నారు. బ్యాగులోంచి డూప్లికేట్ గుత్తి తీసి కటింగ్ బల్ల మీద పెట్టాను.

"ఇయి సుత ఉన్నయా?" అంది సూపర్‌వైజర్.

"ఉన్నాయి."

ప్రార్థన మొదలుపెట్టాను. "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత ఎవరి మీద ఏం చెప్పాలో తోచలేదు. కాజాలు గుర్తు రాలేదు, మూడో మిషను గుర్తు రాలేదు. ఊరికే నిలబడి రెండు కళ్లూ మూసుకున్నాను. బల్ల మీద గుత్తి కదిలిన చప్పుడైంది. కాసేపటికి అవతలి చివర నుంచి ఎవరో ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఎవరో అని నేను కళ్లు తెరిచి చూడలేదు.